సగం ఆట అమ్మారు... మాట నిలబెట్టుకున్నారు!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. గోడలు లేచి, పైకప్పు ఇంకా పడకముందే చుట్టాలను పిలిచి, "పూర్తి అద్దె ముందే ఇచ్చి ఇందులో కాపురం ఉండండి. ఏ గోడ చెమ్మగిల్లుతోందో, ఏ తలుపు బిగుసుకుపోతోందో మీరే చూసి చెప్పండి. మిగతా ఇల్లు తరువాత కట్టి ఇస్తాం" అంటే ఎవరైనా ఒప్పుకుంటారా? డబ్బు చేతిలో పడ్డాక ఇల్లు పూర్తి చేస్తారన్న నమ్మకమేమిటి?

యూరప్‌లోని బెల్జియం దేశంలో ఒక సంస్థ ఇంచుమించు ఇలాగే చేసింది. అది కట్టింది ఇల్లు కాదు, కంప్యూటర్లో ఆడే ఆట. 'బాల్డూర్స్ గేట్ 3' అనే ఆ ఆటలో మొదటి అంకం మాత్రమే సిద్ధమైన దశలో, 2020 అక్టోబరు 6న అమ్మకానికి పెట్టింది. ధర మాత్రం పూర్తి ధరే. దాదాపు 60 డాలర్లు. అప్పటి లెక్కన మన డబ్బులో సుమారు 4,400 రూపాయలు. ఏడాది పడుతుందనుకున్న పని పూర్తయ్యేసరికి 2023 ఆగస్టు వచ్చింది. అంటే రెండేళ్ళ పది నెలలు.

ఈ మధ్యకాలంలో ఆ ఆట ఎలా మారింది, కొన్నవారి మాట ఎంతవరకు చెల్లింది, చివరకు నమ్మకం నిలిచిందా లేదా అన్నది తెలుసుకోదగ్గ విషయం. వస్తువు ఏదైనా సరే, ముందు డబ్బు కట్టి తరువాత సరుకు కోసం ఎదురుచూసే ప్రతి ఒక్కరికీ ఇందులో పనికివచ్చే సంగతి ఉంది.

వేషం కట్టి ఆడే ఆట

సెల్‌ఫోన్లో పిల్లలు ఆడే కార్ల పందాలు, తుపాకుల ఆటలు చూడనివారు ఇప్పుడు పల్లెల్లో కూడా అరుదు. ఇది ఆ కోవకు చెందినది కాదు. వీధి నాటకంలో ఒకరు అర్జునుడి వేషం, మరొకరు శ్రీకృష్ణుడి వేషం కట్టినట్టే ఇందులో ఆడేవారు తమకు నచ్చిన వేషం ఎంచుకుంటారు. యోధుడు కావచ్చు, మంత్రగాడు కావచ్చు, దొంగ కావచ్చు. అయితే ఒక తేడా ఉంది. నాటకంలో రాయబారం విఫలమవుతుందని చూసేవారందరికీ ముందే తెలుసు. ఈ ఆటలో రాయబారం ఫలిస్తుందా, యుద్ధం వస్తుందా అన్నది ఆడేవారి మాటతీరునుబట్టి, పడిన పాచికనుబట్టి ఉంటుంది.

ఈ తరహా ఆటకు మూలం కంప్యూటర్ కాదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆటను తయారుచేశారు. నలుగురైదుగురు మిత్రులు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ చెబుతారు. మిగిలినవారు వేషధారులు. "నేను గోడ దూకుతాను" అని ఒకరంటే, దూకగలిగాడో లేదో తేల్చడానికి ఇరవై ముఖాలున్న పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే దూకినట్టు, చిన్న అంకె పడితే కాలు విరిగినట్టు. కాగితం, పెన్సిలు, పాచిక, ఊహ ఉంటే చాలు.

కథ చెప్పేవారి స్థానంలో కంప్యూటర్‌ను కూర్చోబెట్టి 1998లో కెనడా దేశపు బయోవేర్ సంస్థ 'బాల్డూర్స్ గేట్' చేసింది. రెండో భాగం 2000లో వచ్చింది. రెండూ బాగా పేరు తెచ్చుకున్నాయి. మూడో భాగం కోసం అభిమానులు దాదాపు ఇరవై ఏళ్ళు ఎదురుచూశారు. 2019 జూన్‌లో దాన్ని తాము చేస్తున్నామని లారియన్ స్టూడియోస్ ప్రకటించినప్పుడు సంతోషంతోపాటు అనుమానమూ కలిగింది. పెద్దల ఆస్తి వేరొకరి చేతికి వచ్చినట్టయింది మరి.

కథ విచిత్రమైనది. ఒక రాక్షసజాతి కొందరిని ఎత్తుకుపోయి, కంటి గుండా మెదడులోకి ఒక పురుగును వదులుతుంది. కొద్దిరోజుల్లో ఆ పురుగు మనిషిని రాక్షసుడిగా మార్చేస్తుంది. తప్పించుకున్నవారు కొందరు ఒకచోట కలిసి, ఒకరినొకరు పూర్తిగా నమ్మకుండానే, విరుగుడు వెతుక్కుంటూ బయలుదేరుతారు. దారిలో ఎవరికి సాయం చేయాలి, ఎవరిని వదిలేయాలి అన్నది ఆడేవారి ఇష్టం. ఒక ఊరిని కాపాడవచ్చు, శత్రువులతో కలిసి అదే ఊరిని తగలబెట్టనూవచ్చు. చేసినదాని ఫలితం మాత్రం తరువాత అనుభవించాలి.

చందాలతో నిలదొక్కుకున్న సంస్థ

లారియన్ సంస్థ ఉన్నది గెంట్ నగరంలో. పన్నెండో శతాబ్దం నాటి రాతి కోట ఊరి నడిబొడ్డున నేటికీ నిలిచి ఉన్న పాత పట్టణమిది. స్వెన్ వింకే 1996లో ఈ సంస్థను ప్రారంభించారు. తొలి ఏళ్ళలో మంచి పేరు వచ్చినా చేతిలో డబ్బు నిలవలేదు. వేరే సంస్థల పెట్టుబడితో ఆట చేయడం, వారు తొందరపెడితే అరకొరగా విడుదల చేయడం, లాభం వారికి పోవడం, మాట తనకు రావడం జరుగుతూ వచ్చింది. ఒకటి రెండుసార్లు సంస్థ మూతపడే స్థితి కూడా వచ్చింది.

ఆ అనుభవంతో 2013లో కొత్త దారి తొక్కారు. 'డివినిటీ: ఒరిజినల్ సిన్' అనే ఆట కోసం నేరుగా ఆడేవారినే చందా అడిగారు. 9 లక్షల 44 వేల డాలర్లు పోగయ్యాయి. 2014 జనవరిలో సగం ఆటను ముందే చందాదారుల చేతికి ఇచ్చి, వారు చెప్పిన లోపాలు దిద్ది, అదే సంవత్సరం జూన్‌లో పూర్తి ఆట విడుదల చేశారు. రెండో భాగానికి 2015లో చందా అడిగితే 20 లక్షల డాలర్లు దాటింది. 2016 సెప్టెంబరులో సగం ఆట, 2017 సెప్టెంబరులో పూర్తి ఆట వచ్చాయి. రెండుసార్లూ మాట తప్పలేదు.

బాల్డూర్స్ గేట్ హక్కులు తొలుత అడిగినప్పుడు ఇవ్వని అమెరికా సంస్థ, ఈ పనితనం చూసిన తరువాతే లారియన్‌కు అప్పగించింది. కనుక 2020లో సగం ఆట అమ్మకానికి పెట్టినప్పుడు జనం డబ్బు ఇచ్చారంటే అది గుడ్డి నమ్మకం కాదు. అంతకు ముందు రెండు బాకీలు తీర్చినవాడికి మూడో అప్పు పుట్టినట్టే పుట్టింది.

అందరూ ఇలాగే ఉంటారా?

పూర్తికాని ఆటను ముందే అమ్మే పద్ధతిని 'ఎర్లీ యాక్సెస్' అంటారు. పని సాగుతుండగానే లోపలికి రానివ్వడమని అర్థం. స్వీడన్ దేశస్థుడు తయారుచేసిన 'మైన్‌క్రాఫ్ట్' ఆట 2009లోనే ఇలా అమ్ముడైంది. కంప్యూటర్ ఆటలు అమ్మే 'స్టీమ్' అనే పెద్ద అంగడి 2013 మార్చిలో ఈ సరుకు కోసం ప్రత్యేకంగా ఒక విభాగం తెరిచింది.

ఈ పద్ధతిలో చిన్న సంస్థలకు మేలు ఉంది. వడ్డీకి అప్పు తేనవసరం లేకుండా కొన్నవారి డబ్బుతోనే పని సాగుతుంది. కొన్నవారికి ముందే ఆడే అవకాశం, తమ మాట చెప్పుకునే అవకాశం దొరుకుతాయి. కాని డబ్బంతా ముందే వచ్చాక పని మీద శ్రద్ధ తగ్గే ప్రమాదమూ ఉంది. అనుకున్నంత అమ్మకం లేకపోతే మధ్యలో చేతులెత్తేసే ప్రమాదమూ ఉంది.

'స్పేస్‌బేస్ డీఎఫ్-9' అనే ఆట సంగతే చూడవచ్చు. పేరున్న సంస్థే 2013 అక్టోబరులో దాన్ని ముందస్తుగా అమ్మకానికి పెట్టింది. వచ్చే రాబడి ఖర్చుకు చాలడం లేదని 2014లో పని ముగించింది. చేరుస్తామని అనుకున్న హంగులు చాలా వరకు చేరనే లేదు. కొన్నవారు ఆగ్రహించారు. అందుకే ఇలాంటి ఆటలను పూర్తి చేయలేకపోయే సంస్థలు కూడా ఉండవచ్చునని, ఇప్పుడున్న స్థితిలో నచ్చితేనే కొనుక్కోవాలని స్టీమ్ అంగడివారే కొనేవారికి హెచ్చరిక చేస్తూ ఉంటారు.

తొలి రోజు లోపాలు

2020 అక్టోబరులో ఆట కొన్నవారి చేతికి వచ్చింది మొదటి అంకం ఒక్కటే. అయినా అది చిన్నదేమీ కాదు. పూర్తిగా తిరిగి చూడడానికి పాతిక గంటలు పడుతుంది. ఎంచుకోవడానికి ఆరు వేషాలే ఉన్నాయి. యోధుడు, మంత్రగాడు, దొంగ, వేటగాడు, దేవుణ్ణి కొలిచి శక్తి పొందే పూజారి, మానవాతీత శక్తితో ఒప్పందం చేసుకున్న క్షుద్ర మాంత్రికుడు. వేషధారి అనుభవం పెరిగేకొద్దీ మెట్టు మెట్టుగా బలం పెరగాలి. అది నాలుగో మెట్టుతో ఆగిపోయేలా కట్టడి చేశారు.

లోపాలకు కొదవ లేదు. ఆట ఉన్నట్టుండి నిలిచిపోయేది. మాట్లాడుతున్న మనిషి పెదవులకూ మాటకూ పొంతన కుదిరేది కాదు. నున్నగా నడిచే ఆట కావాలనుకునేవారు ఇప్పుడే కొనవద్దని సంస్థ ముందుగానే చెప్పింది. కొన్నది వద్దనడమూ, అమ్మేవారే అనడమూ వింతే. అయినా పది లక్షలకు పైగా జనం కొన్నారు.

లోపం దాచకపోవడం వింకేకు కొత్త కాదు. అంతకు ముందు ఫిబ్రవరిలో అమెరికాలోని బోస్టన్ నగరంలో వేలమంది ఎదుట ఆయనే స్వయంగా ఈ ఆట ఆడి చూపించారు. చూస్తుండగానే ఆయన వేషధారి శత్రువు చేతిలో చచ్చిపోయాడు. జనం నవ్వారు, ఆయనా నవ్వి మళ్ళీ మొదలుపెట్టారు.

చెప్పిన మాట, చెప్పని లెక్క

కొన్నవారి అభిప్రాయం సంస్థకు రెండు దారుల్లో చేరింది. మొదటిది వారు రాసి పంపిన ఫిర్యాదులు, సలహాలు. రెండోది వారు చెప్పకుండానే తెలిసిన లెక్క. ఎంతమంది ఏ వేషం కట్టారు, ఎక్కడ ఎక్కువమంది చచ్చిపోతున్నారు, ఏ దారిలో అసలు ఎవరూ వెళ్ళడం లేదు, కథలోని కుక్కను ఎన్నిసార్లు నిమిరారు అన్నది కూడా సంస్థకు తెలిసేది.

ఈ రెండూ ఎప్పుడూ ఒక్కటిగా ఉండవు. పంచాయతీలో గట్టిగా మాట్లాడేవారు నలుగురే ఉంటారు. మాట్లాడకుండా కూర్చున్న నాలుగు వందల మంది ఏమనుకుంటున్నారో వారి నడవడినిబట్టి గ్రహించాలి. లారియన్ చేసింది అదే. రాసినవారి మాట విన్నది, రాయనివారి అడుగు చూసింది.

ఈ లెక్కల్లో ఒక తమాషా బయటపడింది. వేషధారి ముఖాన్ని ఎవరికి వారు తీర్చిదిద్దుకోవచ్చు. కొమ్ములు, తోకలు, రాక్షసుల కళ్ళు ఇలా ఎన్నో హంగులు సిద్ధం చేసి పెట్టారు. తీరా చూస్తే ఎక్కువమంది ఎంచుకున్నవాటిని కలిపి చూసినప్పుడు తేలిన ముఖం సంతలో ఎదురయ్యే మామూలు మనిషి ముఖమే. ఇంత కష్టపడి కొమ్ములు, తోకలు ఇస్తే చేసింది ఇదా అని సంస్థవారు కొన్నవారిని ఆటపట్టించారు.

శకుని పాచికలు కావాలన్నారు!

అన్నిటికన్నా ఎక్కువ చికాకు తెప్పించింది పాచిక. కత్తి దూసినా, అబద్ధం చెప్పినా, తాళం పగలగొట్టినా ఇరవై ముఖాల పాచికే తీర్పు చెప్పాలి. దెబ్బ తగిలే అవకాశం నూటికి ఎనభై అని తెరమీద కనిపిస్తుంది. అయినా తప్పిపోతుంది. మళ్ళీ కొడితే మళ్ళీ తప్పుతుంది. లెక్క ప్రకారం చూస్తే అందులో అన్యాయమేమీ లేదు. నూటికి ఇరవై సార్లు తప్పాలి, వరుసగా రెండు మూడు సార్లు తప్పడమూ లెక్కలో ఉన్నదే. కాని ఆడేవారి మనసు ఒప్పుకోదు. యంత్రం మోసం చేస్తోందన్న అనుమానం కలుగుతుంది.

సంస్థ ఏం చేసిందంటే, 2021లో కావాలనుకున్నవారికి వేరే పాచిక ఇచ్చింది. దాని పని ఒక్కటే. వరుసగా చెడ్డ అంకెలే పడుతుంటే కాస్త మంచి అంకె వైపు మొగ్గడం, వరుసగా మంచివే పడుతుంటే ఇటు మొగ్గడం. శకుని పాచికలు తన పక్షానికే పడ్డాయి, ఇవి మాత్రం రెండు పక్షాలకూ సర్దుతాయి. ఇందులోని విశేషం గమనించదగ్గది. అచ్చమైన న్యాయం ఇచ్చిన పాచికను జనం అన్యాయమన్నారు. కొంచెం వంచిన పాచికను న్యాయమన్నారు. అచ్చమైనదే కావాలనే పట్టుదల ఉన్నవారికి అదీ ఉంచారు. పూర్తి ఆట వచ్చేసరికి ఈ వంచిన పాచికకు 'కార్మిక్ డైస్' అని పేరు పెట్టారు. మన 'కర్మ' అన్న మాట నుంచి పుట్టిన పేరే అది!

అడిగిందీ, ఇచ్చిందీ

చిరిగిన బట్టకు వేసే మాసికను ఇంగ్లీషులో ప్యాచ్ అంటారు. ఆటలో చేసే దిద్దుబాట్లకూ అదే పేరు. అయితే ఇక్కడ చిల్లు పూడ్చడమే కాక కొత్త గుడ్డా కలుస్తూ వచ్చింది.

2021 ఫిబ్రవరిలో జంతువుగా రూపు మార్చుకోగల వేషం చేరింది. అక్టోబరులో పుట్టుకతోనే మంత్రశక్తి గలవాడు వచ్చాడు. 2022 ఫిబ్రవరిలో కోపమే బలంగా పోరాడే మోటు వీరుడు, జులైలో పాటగాడు వచ్చారు. ఈ పాటగాడి ఆయుధం తిట్టు. మాటతోనే శత్రువును గాయపరుస్తాడు. తిట్టుకవుల కథలు విన్న తెలుగువారికి ఇది వింతగా తోచదు. డిసెంబరులో వ్రతం పట్టిన వీరుడు చేరాడు. పట్టిన వ్రతానికి భంగం కలిగేలా నడుచుకుంటే వ్రతభ్రష్టుడవుతాడు. అప్పుడే నాలుగో మెట్టు దగ్గరున్న కట్టడిని ఐదో మెట్టుకు పెంచారు.

కొత్త వేషాలకన్నా ముఖ్యమైనవి పాతవాటిలో జరిగిన మార్పులు. లారియన్ తన పాత ఆటల అలవాటు కొద్దీ ఎక్కడ చూసినా నేలమీద నిప్పు, ఆమ్లం పరచుకునేలా చేసింది. చిన్న మంత్రం వేసినా నేల అంటుకునేది. "మేము కొన్నది బాల్డూర్స్ గేట్, మీ పాత ఆట కాదు" అన్న ధోరణిలో విమర్శలు వచ్చాయి. చిన్న మంత్రాలకు ఆ గుణం తీసేశారు.

తోడు వచ్చే పాత్రల మీదా ఫిర్యాదులే. చెడు వైపు మొగ్గే పాత్రలను ముందు పరీక్షించాలని సంస్థ అనుకుంది. ఫలితంగా పక్కన నడిచే వారందరూ పుల్లవిరుపు మాటలు మాట్లాడేవారే అయ్యారు. ప్రాణాలు కాపాడినా కసురుకునేవారితో ప్రయాణం ఎవరికి ఇష్టం? వారి మాటతీరు కొంత మెత్తబరిచారు. విల్ అనే ఒక పాత్ర కథనైతే చాలా వరకు తిరగరాశారు, గొంతు ఇచ్చే నటుణ్ణి కూడా మార్చారు.

మరో కోరిక తీరడానికి రెండేళ్ళు పట్టింది. శత్రువు పారిపోతుంటే ఒక దెబ్బ వేయాలా, శక్తి దాచుకోవాలా అన్నది తొలి రోజుల్లో యంత్రమే నిర్ణయించేది. ఆ నిర్ణయం తమకు వదలాలని ఆడేవారు మొదటి నుంచీ కోరారు. 2022 డిసెంబరు మాసికలో యంత్రం ఆగి అడిగే ఏర్పాటు వచ్చింది.

అడిగినవన్నీ ఇచ్చారనుకుంటే పొరపాటు. ఒక జట్టులో నలుగురే ఉండాలన్నది సంస్థ నియమం. పాత ఆటల్లో ఆరుగురు ఉండేవారు కనుక ఇక్కడా ఆరుగురు కావాలని కొందరు మూడేళ్ళూ అడుగుతూనే ఉన్నారు. పగలు పోయి రాత్రి రావాలని మరికొందరు కోరారు. రెండూ జరగలేదు. నలుగురి మాటా వినడం వేరు, నలుగురూ చెప్పినట్టల్లా గోడ కట్టడం వేరు. ఏది తమ పనికి అడ్డమో తేల్చుకోవలసింది చివరకు మేస్త్రీయే.

మళ్ళీ మొదటికి

ముందు కొన్నవారికి దక్కినది లాభమే కాదు, నష్టమూ ఉంది. పెద్ద మార్పు జరిగినప్పుడు అంతవరకు ఆడిన ఆట చెల్లకుండా పోయేది. ఇరవై గంటలు కష్టపడి పెంచుకున్న వేషధారిని వదిలి మళ్ళీ మొదటి నుంచి ఆడాలి. చివరకు పూర్తి ఆట వచ్చినప్పుడూ పాతది పనికిరాలేదు. అదే మొదటి అంకాన్ని నాలుగైదుసార్లు ఆడి విసిగిపోయినవారు, పూర్తి ఆట వచ్చేసరికి కథ మొదటి భాగం రుచి పోయిందన్నవారు ఉన్నారు.

సంస్థకూ ఇబ్బందులు తప్పలేదు. అమ్మకం మొదలైనది కరోనా రోజుల్లో. పనివారంతా ఎవరి ఇంట్లో వారుండి పని చేయవలసివచ్చింది. నటులను రప్పించి వారి హావభావాలు యంత్రంలోకి ఎక్కించే పని కష్టమైంది. గడువు జరుగుతున్నకొద్దీ "ఇంకెప్పుడు?" అన్న ప్రశ్న పెరిగింది. చేతికి వచ్చిన డబ్బుతో అరకొరగా ముగించి చేతులు దులుపుకునే వీలు ఉండి కూడా అలా చేయకపోవడం ఇక్కడ చెప్పుకోదగ్గ సంగతి.

తలుపు తెరిచిన రోజు

2023 ఆగస్టు 3న పూర్తి ఆట విడుదలైంది. మూడు అంకాలు, పన్నెండు వేషాలు, పన్నెండు మెట్లు. పిడికిలే ఆయుధంగా పోరాడే సన్యాసి పన్నెండో వేషం. ముందే కొన్నవారు పైసా అదనంగా కట్టనవసరం లేకపోయింది. విడుదలైన కొద్దిరోజుల్లోనే స్టీమ్ అంగడి ద్వారా ఒకే సమయంలో 8 లక్షల 75 వేల మంది ఆడుతూ కనిపించారు. అదే ఏడాది డిసెంబరు 7న అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో జరిగిన వేడుకలో ఆ సంవత్సరపు ఉత్తమ ఆటగా బహుమతి పొందింది. వింకే పాతకాలపు యోధుడిలా ఇనుప కవచం తొడుక్కుని వేదికనెక్కి దాన్ని అందుకున్నారు.

ఇక్కడితో కథ సుఖాంతమని ముగించవచ్చు. కాని అసలు పాఠం దీని తరువాతే ఉంది.

ఎవరూ నడవని దారి

మొదటి అంకం బాగుందని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. రెండో అంకమూ మెప్పించింది. తీరా కథ మహానగరానికి చేరే మూడో అంకం వచ్చేసరికి చిక్కులు మొదలయ్యాయి. మంచి కంప్యూటర్లలో కూడా ఆట బరువెక్కి నెమ్మదించింది. కొన్ని ఉపకథలు సరిగా ముగియలేదు. కొన్ని పాత్రల వీడ్కోలు హఠాత్తుగా తెగిపోయినట్టు అనిపించింది. గుండె స్థానంలో మండే యంత్రం ఉన్న కార్లాక్ అనే స్త్రీ పాత్రను జనం ఎంతో అభిమానించారు. ఆమె కథకు ఇచ్చిన ముగింపు చాలదని గట్టిగా అడిగారు.

కారణం వెతకడానికి ఎక్కువ దూరం పోనవసరం లేదు. మొదటి అంకంలో మూడేళ్ళపాటు లక్షలమంది తిరిగారు. ప్రతి రాయీ తట్టి చూశారు, ప్రతి తలుపూ తోసి చూశారు. మూడో అంకంలోకి విడుదల రోజు దాకా బయటివారెవరూ అడుగు పెట్టలేదు. పదిమంది నడిచిన బాట నునుపు తేలుతుంది. ఎవరూ నడవని బాటలో ముళ్ళు అలాగే ఉంటాయి. కట్టినవారి నైపుణ్యం రెండుచోట్లా ఒక్కటే. తేడా నడిచిన కాళ్ళలో ఉంది.

సంస్థ ఈ సంగతి గ్రహించకపోలేదు. 2023 ఆగస్టు 25న వెయ్యికి పైగా లోపాలు దిద్దుతూ ఒక మాసిక వేసింది. ఆరు రోజులకే మరొకటి వేసి కార్లాక్ కథకు కొత్త ముగింపు చేర్చింది. నవంబరు 30న, కథ అయిపోయిన ఆరు నెలల తరువాత పాత్రలన్నీ మళ్ళీ ఒక రాత్రి కలుసుకుని కష్టసుఖాలు చెప్పుకునే ఘట్టం పెట్టింది. ఇవేవీ డబ్బు తీసుకుని ఇచ్చినవి కావు. ఆఖరి పెద్ద మాసిక 2025 ఏప్రిల్ 15న వచ్చింది. అంటే విడుదల తరువాత కూడా ఇరవై నెలలు ఇంటి పని సాగుతూనే ఉన్నదన్నమాట.

కొనేవారు గమనించవలసినది

ఈ ఆటకు తెలుగు మాటలు లేవు. ఆడాలంటే ఇంగ్లీషో, వేరే భాషో వచ్చి, ఖరీదైన యంత్రం ఉండాలి. మన పల్లెల్లో దీన్ని ఆడేవారు కొద్దిమందే ఉంటారు. కాని ముందే సొమ్ము తీసుకుని తరువాత సరుకు ఇస్తామనే వ్యవహారం పల్లెలకు కొత్తది కాదు. ఆ దృష్టితో చూస్తే ఈ ఆట కథలో మూడు సంగతులు కనిపిస్తాయి.

ఒకటి, అడుగుతున్నవారు ఇంతకు ముందు ఇచ్చిన మాట ఏమైందో చూడాలి. లారియన్ వెనుక పూర్తిచేసిన రెండు ఆటలు ఉన్నాయి. రెండు, ఇప్పుడు చేతికిస్తున్నది ఏమిటో, ఇంకా ఇవ్వనిది ఏమిటో వారే విప్పి చెబుతున్నారా లేదా చూడాలి. సగమే ఉన్నదని లారియన్ దాచలేదు, నచ్చనివారిని కొనవద్దన్నది. మూడు, తప్పు చెప్పినప్పుడు కసురుకుంటున్నారా, దిద్దుకుంటున్నారా అన్నది చూడాలి.

ఈ మూడూ ఉన్నా నష్టభయం పూర్తిగా పోదు. ఆ భయం మోయగలిగినవారే ముందు డబ్బు పెట్టాలి. మోయలేనివారు ఇల్లు పూర్తయ్యేదాకా ఆగి, గృహప్రవేశం నాడు వెళ్ళి చూసుకోవచ్చు. ఆగినవారికి దక్కిన ఆటా, ముందు కొన్నవారికి దక్కిన ఆటా ఒక్కటే. కాకపోతే ముందు వెళ్ళినవారు తట్టి చూసిన గోడలే ఆ ఇంట్లో గట్టిగా నిలిచాయి.